నడుము నొప్పి, బీపీ, ఒక తిరస్కరణ లెటరు: ఓ హవల్దార్ భార్యకు జవాబు

ప్రశ్న: మాది సోంపేట దగ్గర ఒక పల్లె. మా ఆయన 1996లో పంతొమ్మిదేళ్ల వయసులో ఆర్టిలరీలో, అంటే సైన్యంలో ఫిరంగుల దళంలో చేరారు. మొదటి పదేళ్లూ గన్ మీదే పని. 2007 నుంచి 2009 దాకా రాష్ట్రీయ రైఫిల్స్‌లో, కశ్మీర్‌లోని కుప్వారాలో ఉన్నారు. తర్వాత జలంధర్‌లో ఉండగా 2011లో బీపీ ఉందన్నారు. 2013లో నడుము పట్టేస్తే ఎమ్మారై తీసి వెన్నుపూసలు అరిగాయన్నారు. అప్పటినుంచి లో మెడికల్ కేటగిరీ, అంటే ఆరోగ్యం తగ్గినవాళ్ల లెక్కలో వేశారు. 2016లో హవల్దార్‌గా పింఛను మీద ఇంటికొచ్చేశారు. వచ్చేముందు మెడికల్ బోర్డు బీపీకి 30, నడుముకి 20, రెండూ కలిపి 40 శాతం, జీవితాంతం అని రాసింది. కొన్నాళ్లకు సైనికుల కాగితాలుండే రికార్డ్స్ ఆఫీసు నుంచి లెటర్ వచ్చింది. ఈ జబ్బులు సర్వీసు వల్ల వచ్చినవీ కావు, ముదిరినవీ కావు కాబట్టి డిసెబిలిటీ పింఛను రాదు, ఆరు నెలల్లో అప్పీలు చేసుకోవచ్చు అని అందులో ఉంది. మా ఆయన చేయలేదు. ‘పింఛను వస్తోంది కదా, బీపీకి కూడా డబ్బులడిగితే ఊళ్లో నవ్వుతారు’ అన్నారు. 2018లో తిత్లీ తుపానుకి ఇంటి రేకులు లేచిపోయి కాగితాలు తడిసిపోయాయి. డిశ్చార్జి బుక్కూ పీపీఓ (పింఛను మంజూరు కాగితం) మాత్రం మిగిలాయి. మధ్యలో విశాఖలో సెక్యూరిటీ గార్డుగా చేరి, అంతసేపు నిలబడలేక తిరిగొచ్చేశారు. ఇప్పుడు ఒకాయన ఇంటికొచ్చి, కేసు గెలిపిస్తాను, ఏరియర్స్‌లో 30 శాతం నాకివ్వండి అంటున్నాడు. ఖాళీ కాగితాల మీద సంతకాలు అడుగుతున్నాడు. ఇన్నేళ్ల తర్వాత అడగొచ్చా? అడిగితే ఉన్న పింఛను ఆపేస్తారా?
ఒక మాజీ సైనికుడి భార్య, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ ఆఖరి రెండు ప్రశ్నల సంగతి చెప్తాను, మీకు టెన్షన్ తగ్గుతుంది. ఇప్పుడైనా అడగొచ్చు. ఉన్న పింఛను ఎవరూ ఆపరు. ఇప్పుడు మీ ఇంటికి వస్తున్నది సర్వీసు పింఛను. జవాన్లకు పదిహేనేళ్ల సర్వీసు నిండితే అది వస్తుంది, మీ ఆయన ఇరవై ఏళ్లు చేశారు. మీరు అడగబోయేది దాని మీద అదనంగా వచ్చే డిసెబిలిటీ ఎలిమెంట్, అంటే వైకల్యానికి ఇచ్చే భాగం. అది ఇస్తారా ఇవ్వరా అన్నదే తగాదా. ఓడిపోయినా సర్వీసు పింఛనులో ఒక్క రూపాయి తగ్గదు.

ఆ ఇంటికొచ్చినాయన సంగతి కూడా ఇప్పుడే. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. సైనిక పింఛన్ల స్పర్శ్ పోర్టల్ పాస్‌వర్డ్ గానీ, ఫోనుకి వచ్చే ఓటీపీ గానీ, సంతకం చేసిన చెక్కు గానీ ఇవ్వొద్దు. ఆయన వకీలైతే, గెలిచిన డబ్బులో వాటా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలే ఒప్పుకోవు. ఫీజు ఇంత అని చెప్పి రసీదు ఇవ్వాలి గానీ ఏరియర్స్‌లో భాగం అడగకూడదు. వకీలు కాకపోతే ఆయనకు ట్రైబ్యునల్‌లో మీ తరఫున నిలబడే హక్కే లేదు. ఇరవై ఏళ్లు దేశం కోసం నడుము విరగ్గొట్టుకున్న మనిషి ఏరియర్స్‌లో మూడో వంతు పట్టుకుపోదామని చూసేవాళ్లంటే నాకు మండిపోతుంది. మన జిల్లాలో ఇలాంటివాళ్లు మాజీ సైనికులున్న ఊళ్లు వెతుక్కుంటూ తిరుగుతున్నారు.

ఇక అసలు విషయం. మీ దగ్గర తిరస్కరణ లెటరు సమాచారం ఉంది గానీ దానికి ఆధారమైన కాగితం లేదు. ఆ కాగితం పేరు రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్. ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 అనే ఫారంలో ఉంటుంది. కేసు మొత్తం ఆ కొద్ది పేజీల్లోనే ఉంది. అది చదవకుండా ఎవరైనా ‘తప్పక గెలుస్తాం’ అన్నా, ‘లాభం లేదు’ అన్నా ఊరికే అంటున్నట్టు లెక్క. అందుకని అప్పీలు కంటే ముందు, వకీలు కంటే ముందు ఆ పేజీలు తెప్పించండి.

తెప్పించడం కష్టమేం కాదు. ఆర్టిలరీ రికార్డ్స్ నాసిక్ రోడ్ క్యాంప్‌లో ఉంది. మీ ఆయన పేరు, ఆర్మీ నంబరు, ర్యాంకు, డిశ్చార్జి తేదీ, పీపీఓ నంబరు రాసి, మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్, తిరస్కరణ లెటరు, మెడికల్ కేటగిరీ తగ్గించినప్పటి బోర్డుల కాపీలు, చేరినప్పటి మెడికల్ రిపోర్టు కాపీ కావాలని ఒక అర్జీ పెట్టండి. సంతకం మీది కాదు, ఆయనదే ఉండాలి. దాంతోపాటే సమాచార హక్కు చట్టం కింద కూడా పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి దరఖాస్తు పంపండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. తన సొంత మెడికల్ కాగితాలు తానే అడుగుతున్నారు కాబట్టి వ్యక్తిగత సమాచారం అని తోసిపుచ్చడానికి వీల్లేదు. రెండూ స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచండి. మళ్లీ తుపాను వచ్చినా పోకుండా ప్రతి కాగితాన్నీ ఫోనులో ఫొటో తీసి పిల్లలకు కూడా పంపి పెట్టండి.

ఎలా రాయాలో తెలియకపోతే శ్రీకాకుళంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. విజయనగరం వాళ్లకు విజయనగరంలోనే ఉంది. అర్జీలు రాయించడం, రికార్డ్స్‌కి పంపించడం ఆ ఆఫీసు పనే, డబ్బులివ్వక్కర్లేదు.

కాగితం వచ్చాక ఏం చూడాలో చెప్తాను. మొదట, చేరేముందే ఈ జబ్బులున్నాయా అన్న ప్రశ్నకు బోర్డు ఏం రాసిందో చూడండి. ‘లేవు’ అనే ఉంటుంది, ఉండితీరాలి. మన జిల్లాలో ఆర్మీ ర్యాలీకి వెళ్లే కుర్రాళ్లను మీరు చూస్తూనే ఉంటారు. తెల్లవారకముందే రోడ్ల మీద పరుగులు తీస్తారు, అంతా చేసి మెడికల్‌లో చిన్న లోపానికి వెనక్కొచ్చేవాళ్లెందరో. మీ ఆయన 1996లో ఆ జల్లెడలోంచి బయటపడిన మనిషి. తల నుంచి కాలి దాకా చూసి, పూర్తి ఆరోగ్యంగా ఉన్నాడని రాసుకుని తీసుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత 40 శాతం వైకల్యమని రాసి పంపించారు. ఆరోగ్యంగా తీసుకున్న శరీరం ఇలా ఎందుకైందో చెప్పాల్సింది తీసుకున్నవాళ్లే. 2013 జూలైలో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట సారాంశం ఇదే. ఆయన సిగ్నల్స్‌లో (సైన్యం సమాచార దళం) జవాను. సుమారు తొమ్మిదేళ్ల సర్వీసు తర్వాత మూర్ఛ జబ్బుతో 20 శాతం వైకల్యమని ఇంటికి పంపారు, సర్వీసుకి సంబంధం లేదని పింఛను కాదన్నారు. చేరినప్పుడు జబ్బున్నట్టు ఎక్కడా రాయనప్పుడు అది సర్వీసులోనే వచ్చిందని అనుకోవాలి, కాదనేవాళ్లే నిరూపించాలి, మెడికల్ బోర్డు కారణాలు రాయాలి, అనుమానం మిగిలితే అది సైనికుడికే అనుకూలం కావాలి అని కోర్టు తేల్చింది.

దీన్ని చూసి అంతా అయిపోయిందనుకోకండి. ఆ కేసు 1982 నాటి ఎంటైటిల్‌మెంట్ (పింఛను అర్హత) నిబంధనల మీద నడిచింది. 2016లో దిగిన మీ ఆయనకు వర్తించేవి 2008 నిబంధనలు. ఎదుటి వకీలు ఈ తేడా తప్పకుండా లేవనెత్తుతాడు. కానీ ఈ 2008 నిబంధనల్లో కూడా, మామూలుగా నిరూపించే భారం సైనికుడి మీద పెట్టకూడదనే ఉంది. ఒక్క మెలిక ఉంది. దిగిపోయిన పదిహేనేళ్ల తర్వాత, గడువు తీరి పాత రికార్డులు నాశనం చేసేశాక క్లెయిమ్ పెడితే మాత్రం నిరూపించే భారం సైనికుడి మీదకే వస్తుంది. మీకు 2031 దాకా ఆ ఇబ్బంది లేదు. అలాగని ఊరుకోకండి. రికార్డ్స్‌లో కాగితాలు భద్రంగా ఉన్నప్పుడే కాపీలు తెచ్చుకోవడం మేలు.

రెండోది, కారణం రాసే గడి. అక్కడ ఎన్ని మాటలున్నాయో చూడండి. బీపీ విషయంలో చాలా బోర్డులు ఒకే వాక్యం రాస్తాయి: జబ్బు పీస్ స్టేషన్‌లో (సరిహద్దుకు, పోరాటానికి దూరంగా ఉండే చోట) మొదలైంది, ఫీల్డ్ సర్వీసుతో దగ్గరి సంబంధం లేదు. నడుము విషయంలో ఇంకా పొట్టిగా, వయసుతో వచ్చే అరుగుదల అని తేల్చేస్తాయి. ఈ మనిషి ఎక్కడ ఏం పని చేశాడు, ఎప్పుడు మొదటిసారి చూపించుకున్నాడు, ఎందుకు సంబంధం లేదంటున్నాం అన్న వివరణ ఉండదు. ఇలాంటి కారణం లేని అభిప్రాయం నిలబడదని కోర్టులు చెప్తూనే ఉన్నాయి. 2025 మే నెలలో రాజుమోన్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ అదే అంది. బోర్డు కారణాలు రాయడం తంతు కాదు, తప్పనిసరి అని. అదే ఏడాది మార్చిలో ఢిల్లీ హైకోర్టు, పీస్ స్టేషన్‌లో బయటపడిందన్న ఒక్క మాటతో పింఛను కాదనడం కుదరదని తీర్పిచ్చింది.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు గమనించని ఒక సంగతి చెప్తాను. మీరూ మీ ఆయనా బీపీ గురించే మథనపడుతున్నారు. నా లెక్కలో మీ కేసులో బలమైనది నడుము. ఆయన మొదటి పదేళ్లు గన్ మీద పనిచేశారని రాశారు. అది ఎలాంటి పనో ఆర్టిలరీ వాళ్లకు తెలుసు. 155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండు ఒక్కొక్కటీ 40 కిలోల పైమాటే. దింపడం, మోయడం, ఎత్తి పెట్టడం అంతా మనుషులే. గన్‌ని పొజిషన్‌లోకి తిప్పడం, గోతులు తవ్వడం, రాళ్ల రోడ్ల మీద గన్ లాగే బండ్లలో ప్రయాణం, అన్నీ నడుము మీద పడేవే. ఆ తర్వాత రెండేళ్లు కుప్వారా కొండల్లో బరువులు మోస్తూ గస్తీ. 2013లో ఎమ్మారై తీసేనాటికి ఆయన వయసు ముప్ఫై ఆరు. ముప్ఫై ఆరేళ్లకే వెన్నుపూసలు అరిగితే దాన్ని ‘వయసు’ అని కొట్టిపారేయడానికి బోర్డు చాలా గట్టి కారణం చూపించాలి.

అందుకని ఆయన్ని కూర్చోబెట్టి సర్వీసు మొత్తం ఒక కాగితం మీద రాయించండి. ఏ సంవత్సరం ఏ యూనిట్, ఏ ఊరు, ఫీల్డా పీసా, అక్కడ ఆయన చేసిన పనేంటి, ఎన్ని కిలోలు మోసేవారు, మొదటిసారి నడుము నొప్పని ఎమ్‌ఐ రూమ్‌కి (యూనిట్‌లో డాక్టరు చూసే గది) ఎప్పుడు వెళ్లారు, ఏ మిలటరీ హాస్పిటల్లో చేరారు. గుర్తున్నంత వరకు నిజమే రాయాలి, అతిశయం వద్దు. అప్పట్లో ఆయనతో పనిచేసినవాళ్లలో మన జిల్లావాళ్లుంటే వాళ్లతో మాట్లాడండి. ఫలానా ఎక్సర్‌సైజ్‌లో నడుము పట్టేసింది, మేమే మోసుకొచ్చాం అని చెప్పగలవాడు ఒక్కడు దొరికినా అఫిడవిట్ తీసుకోండి.

బీపీని వదిలేయమని కాదు. అదీ అడగండి. జలంధర్‌లో పట్టుబడినంత మాత్రాన జలంధర్‌లోనే మొదలైందని కాదు. బీపీ చెప్పా పెట్టకుండా ఏళ్ల తరబడి ఒంట్లో ఉండే జబ్బు. కుప్వారా నుంచి దిగిన కొద్దికాలానికే బయటపడింది. మెడికల్ కాగితాలొచ్చాక 2007కి ముందు, 2009 తర్వాత ఆయన బీపీ రీడింగులు ఏమున్నాయో పోల్చి చూడండి. ముందు మామూలుగా ఉండి, వచ్చాక పెరుగుతూ కనిపిస్తే అంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు. ఒకవేళ సర్వీసు వల్లే వచ్చిందని చెప్పలేకపోయినా, సర్వీసు వల్ల ముదిరిందని చూపించినా సరిపోతుంది. రెండింటిలో ఏది నిలబడినా పింఛనుకు అర్హతే. చాలామంది మొదటిదే అడిగి రెండోది అడగడం మర్చిపోతారు.

డబ్బు లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే మీకు ధైర్యమిచ్చే విషయం ఉంది. వైకల్యం నూటికి నూరు శాతమైతే ఆఖరి జీతంలో 30 శాతం డిసెబిలిటీ ఎలిమెంట్‌గా వస్తుంది. తక్కువైతే ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. లెక్క సులువుగా ఉండాలని ఆఖరి జీతం 40,000 అనుకుందాం. నూరు శాతానికి 12,000, మీ 40 శాతానికి 4,800. కానీ రౌండింగ్ ఆఫ్ అని ఒకటుంది. 20 నుంచి 49 దాకా ఎంతున్నా 50గా లెక్కిస్తారు, 50 నుంచి 75 దాకా 75, ఆ పైన 100. ఇది మొదట్లో జబ్బు చేసి మధ్యలో పంపేసినవాళ్లకే ఇచ్చేవారు. 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు సర్వీసు పూర్తిచేసి దిగినవాళ్లకు కూడా వర్తింపజేసింది. అంటే మీ ఆయనకు నెలకు 6,000, దాని మీద డియర్‌నెస్ రిలీఫ్ (కరువు భత్యం) అదనం.

ఇప్పుడు చూడండి. రెండు జబ్బులూ ఒప్పుకుంటే 40 శాతం, 50కి పెరుగుతుంది. బీపీ ఒక్కటే ఒప్పుకుంటే 30 శాతం, అదీ 50కే పెరుగుతుంది. నడుము ఒక్కటే ఒప్పుకున్నా 20 శాతం, కనీస అర్హత అదే, అదీ 50కే. కాబట్టి రెండింటిలో ఒక్కటి గెలిచినా మీ చేతికొచ్చే డబ్బు ఒకటే. అందుకే నడుముని ముందు పెట్టమంటున్నాను. ఈ రౌండింగ్ దానంతటదే రాదు, అడగాలి. అదే అప్పీల్లో, అదే దరఖాస్తులో స్పష్టంగా రాయించండి. లేకపోతే మూల పింఛను గెలిచి, రౌండింగ్ కోసం మళ్లీ తిరగాల్సి వస్తుంది.

ఆలస్యం మాట. ఆరు నెలల గడువు 2016-17లోనే పోయింది, నిజమే. కానీ పింఛను నెలనెలా రావాల్సిన డబ్బు. రాని ప్రతి నెలా కొత్తగా అన్యాయం జరిగినట్టే లెక్క. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రమే చెప్పింది. ఆలస్యమైందని హక్కు పోదు, కాకపోతే వెనక్కి ఇచ్చే బకాయిలను సాధారణంగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం చేయాలి అంది. దీని అర్థం మీకు తెలియాలి. వచ్చే నెల కేసు వేస్తే ఒక నెల ఏరియర్స్ పోయినట్టు, వచ్చే ఏడాది వేస్తే ఏడాది ఏరియర్స్ పోయినట్టు. ఇప్పటికే చాలా పోయింది. ఆ బాధ నాకు అర్థమవుతుంది, కానీ దాని గురించి ఇంట్లో గొడవ పడకండి.

దారి ఇలా ఉంటుంది. కాగితాలు రాగానే ఫస్ట్ అప్పీలు రాయించి, నాసిక్ రికార్డ్స్ ద్వారా అప్పీళ్ల కమిటీకి పంపండి. ఆలస్యానికి కారణం దాచకుండా రాయండి. ఎవరూ చెప్పేవాళ్లు లేరు, తిత్లీలో కాగితాలు పోయాయి అని. గడువు దాటిందని వాపసు చేయొచ్చు, అసలు జవాబే ఇవ్వకపోవచ్చు. కాదన్నా, ఆరు నెలలు గడిచినా మీకు ట్రైబ్యునల్ తలుపు తెరుచుకుంటుంది. సెకండ్ అప్పీలు అనే మెట్టు కూడా ఉంది, కాదన్న లెటర్‌లోనే దాని గడువు రాస్తారు. మీ పరిస్థితిలో అక్కడ ఇంకో ఆరు నెలలు కూర్చోవాలా, నేరుగా ట్రైబ్యునల్‌కి వెళ్లాలా అన్నది కాగితాలు చూసిన వకీలు చెప్పాలి.

ట్రైబ్యునల్ అంటే 2007 చట్టం కింద ఏర్పడిన ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్. ఆంధ్రప్రదేశ్ చెన్నై బెంచ్ కిందకు వస్తుంది. రికార్డ్స్ నాసిక్‌లో ఉంది కాబట్టి మహారాష్ట్ర వెళ్లాలేమోనని కొందరు భయపడతారు. అక్కర్లేదు. రిటైరైనవాళ్లు తాము ఉంటున్న ప్రాంతపు బెంచ్‌లోనే వేసుకోవచ్చు. ఆలస్యాన్ని మన్నించమని వేరే దరఖాస్తు దాంతోపాటే వేయాలి. తీర్పు వచ్చాక కూడా డబ్బు పడకపోతే అమలు కోసం మళ్లీ దరఖాస్తు వేయాల్సి రావచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. ప్రభుత్వం పై కోర్టుకి వెళ్లే అవకాశమూ ఉంది.

వకీలుకి ఇచ్చుకోలేమని మీరు రాయలేదు గానీ, ఉత్తరం చదివితే తెలుస్తోంది. 2025 జూలైలో జాతీయ న్యాయ సేవల సంస్థ వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది. సైనికులకు, మాజీ సైనికులకు, వాళ్ల కుటుంబాలకు ఉచిత న్యాయ సాయం అందించడానికి సైనిక సంక్షేమ కార్యాలయాల్లో లీగల్ క్లినిక్‌లు పెట్టడం అందులో భాగం. శ్రీకాకుళం ఆఫీసుకి వెళ్లినప్పుడు దీని గురించి పేరు పెట్టి అడగండి. అక్కడ తేలకపోతే కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

ఇంకొక మాట, పింఛనుకు సంబంధం లేనిది. మీది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతం. బీపీ ఉన్న మనిషి, అదీ ఉద్దానంలో, కిడ్నీ పరీక్ష చేయించకుండా ఉండకూడదు. నడుము నొప్పికి ఇన్నేళ్లుగా ఏ నొప్పి మాత్రలు పడితే అవి వేసుకుంటూ ఉంటే మరీ ముఖ్యం, అవి కిడ్నీకి చేటు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంటే అక్కడ, లేకపోతే పలాస కిడ్నీ ఆసుపత్రిలో క్రియాటినిన్ పరీక్ష చేయించండి. ఏదైనా బయటపడితే వైద్యం చూసుకోండి గానీ దాన్ని ఈ అప్పీల్లో కలపకండి. అప్పీలు 2016 బోర్డు రాసిన జబ్బుల మీదే నడవాలి. కొత్తవి కలిపితే అసలు విషయం పక్కదారి పడుతుంది.

ఇది చదివే మిగతా కుటుంబాలకు రెండు హెచ్చరికలు. 2023 సెప్టెంబరు 21 తర్వాత దిగినవాళ్లకు నిబంధనలు మారాయి, పైన చెప్పినవన్నీ వాళ్లకు యథాతథంగా పనికిరావు. సెలవులో ఉండగా బండి మీద పడి దెబ్బ తగిలినవాళ్ల కేసులు కూడా వేరు. ఆ దెబ్బకూ సైనిక విధులకూ ఏదో ఒక సంబంధం చూపించాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. సెలవు కూడా డ్యూటీయే అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని కేసు వేయకండి. జబ్బు చేసి వచ్చిన జవాను చనిపోయినా భార్య, వారసులు బకాయిల కోసం ట్రైబ్యునల్‌కి వెళ్లొచ్చు, చట్టంలోనే ఉంది.

చివరగా మీ ఆయన సిగ్గు గురించి. ఇది మీకు కాదు, ఆయనకే చెప్తున్నాను. ఆయనకు చదివి వినిపించండి. అన్నా, ఊళ్లో అందరికీ బీపీ ఉంది, నిజమే. కానీ ఊళ్లో అందర్నీ పంతొమ్మిదేళ్లకు కొలిచి, తూచి, ఆరోగ్యంగా ఉన్నాడని రాసి తీసుకెళ్లలేదు. అందరూ 40 కిలోల గుండ్లు మోయలేదు. అందరూ కుప్వారాలో రాత్రులు మేల్కొని కూర్చోలేదు. మీ శరీరంలో 40 శాతం వైకల్యం ఉందని రాసింది మీరు కాదు, సైన్యం డాక్టర్లే. అది సర్వీసుకి సంబంధించింది కాదని మాత్రం వాళ్లంటున్నారు, మీరు ఔనంటున్నారు. ఆ ఒక్క మాట మీద వాదించమని చట్టమే మీకు అప్పీలు హక్కు ఇచ్చింది. ఇందులో చేయి చాచడమేమీ లేదు. సైనికుడి డిసెబిలిటీ పింఛను దయతో ఇచ్చేది కాదని ఢిల్లీ హైకోర్టు పైన చెప్పిన ఆ తీర్పులోనే అంది. మీరు వాడుకోకపోతే ఆ డబ్బు ఇంకో జవానుకి పోదు. మీ ఇంట్లో మందులకు, పిల్లల ఫీజులకు రావాల్సింది రాకుండా పోతుంది, అంతే.

అర్జీ ఈ వారమే నాసిక్‌కి పోస్టు చేయండమ్మా. మెడికల్ బోర్డు పేజీలు వచ్చాక కారణం రాసిన పేజీ, పోస్టింగులు రాసిన పేజీ, ఈ రెండింటి జిరాక్సులు నాకు పంపండి. పేరూ ఆర్మీ నంబరూ కనబడకుండా కొట్టేసి పంపండి. ఫస్ట్ అప్పీల్లో ఏ పాయింటు ముందు రావాలో, ఏది వెనక రావాలో వాటిని చూసి రాస్తాను.